సంచి కుట్టించే ముందు

బొగ్గుబాయిలోకి దిగే మనిషి వెంట సామాను తక్కువే. తలకు టోపీ, టోపీకి దీపం, కాళ్లకు బూట్లు, నడుం బెల్టుకు బ్యాటరీ, దాని పక్కనే ఒక చిన్న డబ్బా. ఆ డబ్బా పేరు సెల్ఫ్ రెస్క్యూయర్. గనిలో మంటలు లేచి కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటే, బయటి గాలి తగిలేదాకా కార్మికుడి ఊపిరి నిలబెట్టేది అదే. దాని మూత తీయాల్సిన అవసరం ఒక్కసారీ రాకుండానే రిటైరయ్యేవాళ్లే ఎక్కువ. అయినా షిఫ్టు షిఫ్టుకూ దాన్ని నడుముకు తగిలించుకునే దిగుతారు. బాయిపని తెలిసినవాళ్లెవరూ దాన్ని దండగ బరువు అనరు.

అలాంటి మనుషుల ఊరు గోలేటి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని ఈ సింగరేణి టౌన్‌షిప్ నుంచే బెల్లంపల్లి ఏరియా పాలన నడుస్తుంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1927 నాటికి గనులు గోదావరి దాటి బెల్లంపల్లికి చేరాయి. ఆ వరసలో గోలేటి తర్వాత వచ్చింది. భూమి లోపలికి దిగే ఇంక్లైన్ల కాలం తగ్గిపోయి ఇప్పుడిక్కడ కైరిగూడ లాంటి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుల కాలం నడుస్తోంది. ఊరికి ఒక పక్క బొగ్గు లారీల దుమ్ము, ఇంకో పక్క టేకు అడవి.

ఇక్కణ్నుంచి సైకిలెక్కితే మంచి దారులున్నాయి. రెబ్బెన దాటి ఆసిఫాబాద్, అక్కణ్నుంచి కెరమెరి ఘాటు, ఘాటెక్కితే జైనూరు, ఉట్నూరు, ఇంద్రవెల్లి. పడమటి పక్క తిర్యాణి కొండలు. దగ్గర్లోనే మాఘ పౌర్ణమికి జాతర జరిగే గంగాపూర్ బాలాజీ గుడి. చలికాలంలో డేరా, దుప్పటి, వంట సామాను కట్టుకుని రెండు మూడు రోజులు తిరిగి రావాలనుకునేవాళ్లకు బయల్దేరే ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సామాను దేంట్లో పెట్టాలి?

దుకాణంలో దీనికి జవాబు లీటర్లలో, బట్ట రకంలో, ధరలో దొరుకుతుంది. కానీ ప్రశ్న అక్కడితో తెగదు. ఎంత పట్టే సంచి కావాలి అని అడగ్గానే, ఎంత ఉంటే చాలు అనే ప్రశ్న దాని వెనకే వచ్చి నిలబడుతుంది. రెండున్నర వేల ఏళ్లుగా ఈ దేశంలో సన్యాసులూ సంసారులూ వాదించుకుంటున్న ప్రశ్న అది. దాని పేరు అపరిగ్రహం. పతంజలి చెప్పిన అయిదు యమాల్లో అది చివరిది. జైనుల అయిదు వ్రతాల్లోనూ చివరిదే. కూడబెట్టకపోవడం, అవసరానికి మించి పట్టుకోకపోవడం అని దాని అర్థం. పుస్తకంలో చదివితే తేలిగ్గానే ఉంటుంది. నాలుగు రోజుల ప్రయాణానికి సామాను నేలమీద పరిచి, దేన్ని వదలాలో తేల్చుకునేటప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

సైకిలు మీద బరువు మోయడం ఈ నేలకు కొత్త కాదు. ఒకప్పుడు షిఫ్టు వేళకు బాయి ముందు సైకిళ్లు బారులు తీరేవి. హ్యాండిలుకు సద్దిగిన్నె వేలాడేది. పాలవాళ్లు క్యాన్లను, గీత కార్మికులు కల్లు కుండలను చక్రానికి రెండు పక్కలా కట్టుకుని మట్టిబాటల్లో మైళ్లు తొక్కారు. పాత ట్యూబును పట్టీలుగా కోసి కట్టు కట్టేవాళ్లు. ఆ రబ్బరు కట్టు గుంతల్లో పడినా వదులవదు. ఇప్పుడు సైకిలు యాత్రల సంచులు అమ్మే కంపెనీలు చెప్పే సూత్రాల్లో సగం ఈ క్యారియర్ల మీద ఎప్పుడో అమలైనవే.

ఆ సూత్రాలకు మూలం కావడి. కావడిబద్దకు రెండు కొసలా బరువు సమంగా లేకపోతే మోసేవాడి నడక అడుగడుక్కీ ఒక పక్కకు లాగుతుంది. సైకిలు వెనక చక్రానికి రెండు వైపులా వేలాడే జంట సంచులూ అంతే. ఒక పక్క కుక్కరు, ఇంకో పక్క దుప్పటి పెడితే హ్యాండిలు పొద్దంతా చేతులతో కొట్లాడుతూనే ఉంటుంది. బరువైనవి కిందికి, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. తేలికైనవి పైకి పోవచ్చు. బరువంతా వెనకే వేస్తే ఘాటు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. అందుకే దూరం పోయేవాళ్లు ముందు ఫోర్కుకు కూడా రెండు చిన్న సంచులు కిందుగా తగిలిస్తారు. పెడలు తొక్కేటప్పుడు మడమ తగలకుండా వెనక సంచులు కాస్త వెనక్కి జరిగి ఉండాలి. వీపున వేసుకునే సంచి అన్నిటికంటే చెడ్డది. అది చెమటపట్టిస్తుంది, భుజాలు లాగేస్తుంది, మనిషి బరువుకు తన బరువునూ కలిపి సీటు మీద మోపుతుంది.

ఇప్పుడు ఈ సంచుల లోకంలో రెండు మతాలున్నాయి. మొదటిది క్యారియరు మతం. గట్టి క్యారియరు, దానికి జంట సంచులు. వెనక జత సాధారణంగా 40 లీటర్ల దాకా పడుతుంది, ముందు జత 25 లీటర్ల దాకా. చలిలో దుప్పటి, వంట సామాను, రెండు పూటల బియ్యం, అన్నీ సర్దుకోవచ్చు. రెండోది క్యారియరు లేని మతం. సైకిలు చట్రం మధ్య ఖాళీలో ఒక సంచి, సీటు కింద ఒకటి, హ్యాండిలుకు చుట్టగా ఒకటి, అన్నీ పట్టీలతో బిగించేవే. చట్రం సంచిలో పనిముట్లు, నీళ్లు; సీటు సంచిలో బట్టలు; హ్యాండిలు చుట్టలో డేరా. సైకిలు సన్నగా ఉంటుంది, అడవి బాటల్లో చిక్కుకోదు. అయితే ఈ పద్ధతిలో మొత్తం చోటు మొదటిదాంట్లో దాదాపు సగమే.

బట్ట సంగతిలో ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. 1981లో హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ అనే జర్మన్ యువకుడు ఇంగ్లండులో సైకిలు మీద తిరుగుతూ వానకు నిలువునా తడిశాడు. అతని సంచులూ తడిసి ముద్దయ్యాయి. పక్కనుంచి పోతున్న లారీల మీద సరుకు మాత్రం టార్పాలిన్ కింద పొడిగా ఉంది. ఇంటికి తిరిగొచ్చి ఆ లారీ గుడ్డతోనే సంచి కుట్టాడు. మరుసటి ఏడు మొదలైన అతని కంపెనీ సంచులు ఈనాడు ప్రపంచంలో చాలా సైకిళ్లకు వేలాడుతున్నాయి. అంతకు యాభై ఏళ్ల ముందే, 1932లో, విల్ఫ్ కరడైస్ ఇంగ్లండులోని నెల్సన్‌లో దళసరి నూలు కాన్వాసుతో సీటు సంచులు కుట్టడం మొదలుపెట్టాడు. ఆ నూలు తడిస్తే ఉబ్బి తన రంధ్రాలు తానే మూసుకుంటుంది.

గోలేటిలో ఈ కథ వింటే ఎవరికైనా చటుక్కున తట్టేది ఒకటుంది. బొగ్గు లారీ ఉన్నచోట టార్పాలిన్ ఉంటుంది. టార్పాలిన్ ఉన్నచోట దాన్ని కుట్టే దళసరి సూది మిషన్ కూడా ఉంటుంది. నోరు మూడు మడతలు చుట్టి బిగించేలా, వెనక క్యారియరుకు రెండు కొక్కేలతో తగిలేలా ఒక జత సంచులు కుట్టించుకోవడానికి కావాల్సినవన్నీ ఈ బొగ్గు బెల్టులోనే ఉన్నాయి. బొగ్గు దుమ్ము జిప్పు పళ్లలో దూరి అది మొండికేసేలా చేస్తుంది కాబట్టి ఇక్కడ జిప్పు కన్నా చుట్టే మూతే మేలు. అదీ కుదరకపోతే యూరియా బస్తా ఉండనే ఉంది. రామగుండం ఎరువుల కర్మాగారం నుంచి 45 కిలోల బస్తాల్లో పొలాలకు చేరి, ఖాళీ అయ్యాక తెలంగాణ పల్లెల్లో సంచిగా, పరదాగా, వానకు గొంగడిగా మారేది అదే.

కొనుక్కుంటే ఎంత, కుట్టించుకుంటే ఎంత అనేది ఇక్కడ అసలు సంగతి కాదు. దుకాణంలో కొన్న సంచికి కొలత ముందే ఖాయమై ఉంటుంది. కుట్టించుకునేటప్పుడు మిషన్ మీది మనిషి గజం బద్ద చేత్తో పట్టుకుని, పొడవెంత, వెడల్పెంత అని అడుగుతాడు. ఆ అంకె ఎవరికి వాళ్లే చెప్పుకోవాలి. అపరిగ్రహాన్ని గురించిన వాదమంతా ఆ అంకె దగ్గరే మొదలవుతుంది.

సన్యాసికీ సంసారికీ ఒకే కొలత కుదరదని జైనులు మొదట్లోనే గుర్తించారు. మునికి పూర్తి త్యాగం. సంసారికి మాత్రం పరిగ్రహ పరిమాణ వ్రతం. ఇంత భూమి, ఇంత ధాన్యం, ఇంత బంగారం, దీన్ని దాటను అని గృహస్థు తన కొలత తానే ముందుగా ప్రకటించుకోవాలి. హద్దు చిన్నదా పెద్దదా అన్నదానికంటే, ఆశ పుట్టక ముందే హద్దు గీయడం ఇందులో ముఖ్యం. సంపద వచ్చాక గీసే హద్దు సంపదతోపాటే జరుగుతూ పోతుంది. ఈ ఆలోచన ఉత్తర తెలంగాణకు దూరపు చుట్టమేమీ కాదు. కరీంనగర్ దగ్గరి కురిక్యాలలో, బొమ్మలమ్మగుట్ట మీద, పదో శతాబ్దంలో పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. జైన మూర్తుల పక్కనే సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో ఉన్న ఆ శాసనంలోని కంద పద్యాలు తెలుగు పద్య చరిత్రకు తొలి ఆనవాళ్లలోవి. ఆ గుట్ట కింది ఊళ్లలో పరిమాణ వ్రతం పట్టిన సంసారులు ఉండి ఉండవచ్చు.

సైకిలు సంచికి ఈ వ్రతం అచ్చంగా సరిపోతుంది. సామాను పోగేసి, దానికి సరిపోయే సంచి వెతికేవాళ్లు ఎప్పుడూ ఇంకొంచెం పెద్దదే కొంటారు. పెద్ద సంచిలో మిగిలిన ఖాళీ ఊరుకోదు. ఇంకో చొక్కా, ఇంకో గిన్నె, ఎందుకైనా మంచిదని ఇంకో జత చెప్పులు దాంట్లోకి చేరతాయి. ముందు సంచి ఖాయం చేసుకుని, అందులో పట్టిందే తన సామాను అనుకున్నవాళ్లు చొక్కాకు చొక్కాకు మధ్య తేల్చుకోక తప్పదు.

పెద్ద సంచి వెంట వచ్చేది చొక్కాలే కాదు. కౌపీనం కాపాడుకోబోయిన సన్యాసి కథ తెలుగువాళ్లకు తెలిసిందే. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని పెంచాడు. పిల్లికి పాల కోసం ఆవును, ఆవుకు మేత కోసం పొలాన్ని, పొలం చూసుకోవడానికి సంసారాన్నే తెచ్చుకున్నాడు. సైకిలు మీదా ఇదే వరస. సంచి పెరిగితే క్యారియరు గట్టిది కావాలి. సాధారణ అల్యూమినియం క్యారియర్లు 25 కిలోల దాకా తట్టుకుంటాయి. అది దాటితే ఉక్కుది. దాని బరువుకు చక్రం పుల్లలు తెగకుండా ఎక్కువ పుల్లల చక్రం, దానికి లావు టైరు, అదంతా ఘాటెక్కడానికి తేలిక గేరు, బరువు దిగేటప్పుడు ఆపడానికి గట్టి బ్రేకు. చివరికి యాత్రంతా సంచిని కాపాడుకోవడానికే సరిపోతుంది. యోగక్షేమాలు అని తెలుగువాళ్లు జంటగా వాడే మాటలో యోగమంటే లేనిది పొందడమనీ, క్షేమమంటే పొందినదాన్ని కాపాడుకోవడమనీ శంకరులు వివరించారు. చాలామంది యాత్రికులకు మొదటిదానికి పట్టే కాలం కన్నా రెండోదానికి పట్టేది ఎక్కువ.

అలాగని తేలిక సంచి ఉన్నవాడు అపరిగ్రహి అయిపోడు. జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో పరిగ్రహాన్ని వస్తువుల లెక్కతో కాక మూర్ఛ అనే మాటతో నిర్వచించాడు. మూర్ఛ అంటే అక్కడ స్పృహ తప్పడం కాదు, నాది అనే మమకారంలో మునిగిపోవడం. మునికి గుడ్డ ఉండవచ్చా లేదా అని దిగంబరులూ శ్వేతాంబరులూ శతాబ్దాలపాటు వాదించుకున్నారు. గుడ్డ కూడా పరిగ్రహమే అన్నది ఒక పక్షం. మమకారం లేకపోతే గుడ్డా పాత్రా సంయమానికి సాధనాలే అన్నది ఇంకో పక్షం. ఈ రోజుల్లో సైకిలు యాత్రికుల మధ్యా ఆ వాదం మరో రూపంలో సాగుతోంది. గ్రాములు లెక్కపెట్టి, టూత్‌బ్రష్ పిడి సగానికి కోసి, స్టీలు చెంచా బదులు టైటానియం చెంచా కొని, మూడు నెలలు ఆ లెక్కల్లోనే మునిగినవాడి సంచి నిజంగానే తేలిక. మూర్ఛ మాత్రం బరువే. పక్కనే యూరియా బస్తాలో పాత దుప్పటి చుట్టి, ట్యూబు పట్టీతో కట్టుకుని బయల్దేరినవాడి సంచి కిలో ఎక్కువే తూగుతుంది. అతని ధ్యాస మాత్రం దారి మీద ఉంటుంది.

మరి సంచిలో ఏముండాలి? బౌద్ధులు దీనికి చాలా ఆచరణయోగ్యమైన జాబితా ఒకటి ఇచ్చారు. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం ఉంది. అలాంటి ఆరామాల్లో వానాకాలం గడిపి, మిగతా నెలలు ఊరూరా తిరిగిన భిక్షువుల దగ్గర ఉండదగినవి ఎనిమిదే వస్తువులు: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడపోసే గుడ్డ. వీటినే అష్ట పరిష్కారాలు అంటారు. ఈ జాబితాలో ఒంటిని కప్పేవి, పొట్ట నింపేవి ఉండటంలో ఆశ్చర్యం లేదు. నిలబడి చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది సూది. చిరిగితే కొత్తది అడగకుండా ఉన్నదాన్నే కుట్టుకోవడానికి. ఇంకొకటి వడపోత గుడ్డ. నీటిలోని చిన్న ప్రాణులు తన దాహానికి బలి కాకుండా చూసుకోవడానికి భిక్షువు దాన్ని మోశాడు. అంటే ఎనిమిదే వస్తువులతో బతకాలనుకున్న మనిషి కూడా వాటిలో ఒకదాన్ని ఇతర ప్రాణుల కోసం మోశాడు.

ఇక్కడే అపరిగ్రహం తక్కువ మోయడం అనే అర్థాన్ని దాటిపోతుంది. తెలుగులో బరువూ బాధ్యతా అని ఒక్క ఊపిరిలో అంటారు. భారమైనా బాధ్యతైనా మనిషి వహించాల్సిందే. రెంటికీ క్రియ ఒకటే. సంచిలోని వస్తువులన్నీ తక్కెడలో వేస్తే కిలోలే చూపిస్తాయి. కానీ వాటిలో కొన్నిటిని ఆశ పెట్టింది, కొన్నిటిని భయం పెట్టింది, కొన్నిటిని బాధ్యత పెట్టింది. ఆశ పెట్టినవాటిని గుర్తుపట్టడం తేలిక. భయం పెట్టినదీ బాధ్యత పెట్టినదీ మాత్రం పైకి ఒకేలా కనిపిస్తాయి.

థామస్ స్టీవెన్స్ సంచి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. పెద్ద ముందుచక్రం సైకిలు మీద ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి అతను. 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరాడు. 1886లో గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీదుగా కలకత్తా దాకా తొక్కాడు. ఆ డిసెంబరులోనే జపాన్‌లోని యోకొహామా చేరాడు. బయల్దేరేటప్పుడు హ్యాండిలు సంచిలో అతను పెట్టుకున్నవి మేజోళ్లు, ఇంకో చొక్కా, డేరాగానూ పరుపుగానూ కూడా పనికొచ్చే వానకోటు, ఒక రివాల్వరు. ఒకే వస్తువు మూడు పనులు చేసే ఆ వానకోటును ఏ శ్రమణుడైనా మెచ్చుకుంటాడు. రివాల్వరు మాత్రం, పోయే చోటల్లా ఉన్న మనుషుల మీద నమ్మకం లేనివాడు మోసిన బరువు.

ఇక గోలేటి కార్మికుడి నడుం డబ్బా ఏ కోవది? తన ప్రాణం కోసమే కదా, అది భయమే కదా అనిపించవచ్చు. గని లెక్క వేరు. లోపల ఒక్కడు పడిపోతే అతని కోసం రెస్క్యూ టీం అదే పొగలోకి దిగాలి. రామగుండంలో సింగరేణి ప్రధాన రెస్క్యూ స్టేషన్ ఉన్నది అందుకే. తన ఊపిరి తాను కాపాడుకుని నడిచి బయటికొచ్చినవాడు ఇంకొందరి ఊపిరిని కూడా కాపాడినట్టే. సైకిలు మీద పంచరు సామాను, పంపు, మందుల డబ్బా, రాత్రి వెనక వెలిగే ఎర్రదీపం ఇదే కోవలోకి వస్తాయి. ఇక్కడి 363వ జాతీయ రహదారి మీద చీకట్లో ఎర్రదీపం లేకుండా పోయే సైకిలు బరువు తగ్గించుకోలేదు, తన బరువును లారీ డ్రైవరు మీద వేసింది.

భయాన్నీ బాధ్యతనూ విడదీసి చూడటానికి ఒక దారి ఉంది. దారిలో ఎవరైనా అడిగితే ఆ వస్తువును బయటికి తీస్తారా? బాధ్యతతో పెట్టుకున్న పంపు, సూదీదారం, దెబ్బకు రాసే మందు ఎదురైన ప్రతి మనిషి కోసం సంచి దాటి వస్తాయి. అందుకే అవి పైనే ఉండాలి, చెయ్యి పెడితే అందాలి. భయం పెట్టినవి అడుగున దాక్కుంటాయి. సర్దడంలో ఇంకో సంగతీ ఉంది. గనిలో బొగ్గును పేల్చే షాట్‌ఫైరర్ పేలుడు మందునూ డిటోనేటర్లనూ వేర్వేరు డబ్బాల్లో మోస్తాడు. ఏది దేనితో కలవకూడదో తెలియడం కూడా మోసేవాడి విద్యలో భాగమే. స్టవ్వు ఇంధనం, బియ్యం ఒకే సంచిలో పెట్టకూడదని సైకిలు యాత్రికులూ మొదటి ప్రయాణంలోనే నేర్చుకుంటారు.

ఏం మోయాలో, ఎంత మోయాలో ఎంచుకునే వీలు అందరికీ ఉండదు. జార్ఖండ్ బొగ్గు ప్రాంతాల్లో, బొకారో, ధన్‌బాద్ దారుల్లో, మనుషులు 200 కిలోలకు పైగా బొగ్గును బస్తాల్లో కట్టి, చట్రాన్ని బలపరిచిన సైకిళ్ల మీద వేసి, తొక్కలేక తోసుకుంటూ నడుస్తారు. ఆ బస్తా ఎంత ఉండాలో నిర్ణయించేది ఇంట్లో పొయ్యి. వాళ్ల దగ్గర వస్తువులు తక్కువ కాబట్టి వాళ్లది అపరిగ్రహం అంటే, ఆ మాటను అవమానించినట్టే. లేమి వేరు, అపరిగ్రహం వేరు. ఉండే అవకాశం ఉండి, హద్దు గీసుకున్నవాడికే ఆ మాట వర్తిస్తుంది. వినోబా భావే దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయాడు. 1951లో పవనార్ ఆశ్రమం నుంచి కొద్దిపాటి సామానుతో కాలినడకన హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లికి వచ్చి, అక్కణ్నుంచి తెలంగాణ ఊళ్లు తిరిగాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు కావాలన్నారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. తన సంచి తేలిక చేసుకోవడం దగ్గరే వినోబా ఆగిపోలేదు. ఎక్కువ ఉన్నవాళ్ల దగ్గరికి పోయి, మీ హద్దు ఎక్కడ అని అడిగాడు.

తేలికగా తిరిగేవాళ్లు తమను తాము అడగాల్సింది కూడా అలాంటిదే: వదిలేసిన బరువును ఎవరు మోస్తున్నారు? నీళ్లు మోయకుండా బయల్దేరినవాడు గూడెంలో చేతిపంపు దగ్గర నిలబడతాడు. ఎండాకాలం రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఆ పంపు దగ్గర బిందెలు వరసలో ఉంటాయి. లీటరు నీళ్లు కిలో బరువు. నాలుగు లీటర్లు తనే మోయడం ఆ వరసను గౌరవించడం. చలికాలం తిర్యాణి, సిర్పూర్ యు వైపు రాత్రి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. దుప్పటి ఇంట్లో వదిలి తేలిగ్గా వచ్చినవాడు చలిమంటకు అడవి కట్టెలే ఏరతాడు, లేదా ఎవరో తమ దుప్పటి ఇస్తే ఆ ఇంట్లో ఇంకొకరు వణుకుతారు. చెత్త వేసుకునే సంచి లేకపోతే ఆ ప్లాస్టిక్ వాగులోకే పోతుంది. డేరా వేసే చోటు కూడా ఈ లెక్కలోదే. 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ ఈ కొండల్లోనే ఉంది. 2020 నవంబరులో ఈ జిల్లాలోనే పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. అనుమతి లేకుండా అడవిలో పడుకున్నవాడి ధైర్యానికి మూల్యం తెల్లారి అతన్ని వెతుక్కుంటూ అడవిలోకి దిగే బీట్ ఆఫీసరు చెల్లించాల్సి రావచ్చు. ఊళ్లో పెద్దల్ని అడిగి బడి ఆవరణలోనో గుడి దగ్గరో డేరా వేసుకోవడమే మర్యాద.

అపరిగ్రహం గురించి భాగవతం చెప్పే అందమైన కథ ఒక మూట కథే. కుచేలుడు ద్వారకకు బయల్దేరినప్పుడు అతని దగ్గర దారిబత్తెం లేదు, మార్చుకునే బట్టలు లేవు. ఉన్నదొక్కటే, చిరిగిన కొంగున కట్టిన అటుకులు. ఆ ఒక్క మూటా తనది కాదు, మిత్రుడిది. అక్కడ దాన్ని చూపించడానికి సిగ్గుపడి దాచుకుంటాడు. కృష్ణుడే లాక్కుంటాడు. ఆ బీద బాపడికి అపరిగ్రహం ఎవరూ నేర్పలేదు. అతను మోసినదంతా ఇవ్వడానికే మోశాడు. ఆ కొలతతో చూస్తే, గోలేటిలో కుట్టించుకునే జంట సంచిలో ఒక మూల ఎప్పుడూ ఖాళీగా వదలాల్సి ఉంటుంది. పోయిన చోట ఇవ్వడానికి పెట్టుకున్న పలకలు, బలపాలకైనా, వచ్చేటప్పుడు ఎవరో చేతిలో పెట్టే జొన్న రొట్టెకైనా.

ఇవ్వడానికే మోసే బరువు ఈ కొండల్లోనూ ఒకటుంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు ముందు మెస్రం వంశపు గోండులు చేసే యాత్రకు సైకిలు లేదు, చెప్పులు కూడా లేవు. పుష్య మాసంలో తెల్లబట్టలు కట్టుకుని, కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా కాలినడకన పోతారు. అక్కడ గోదావరి నీళ్లను ఝరి అనే ఇత్తడి పాత్రలో నింపుకుని, రోజుల తరబడి నడిచి తిరిగి వస్తారు. ఆ బృందమంతా మోసే బరువుల్లో పవిత్రమైనది ఆ ఒక్క పాత్రే. వచ్చాక మర్రిచెట్ల కింద బస. జాతరకు చేరే మెస్రం కుటుంబాలు ఎన్నో ఉన్నా వంట మాత్రం 22 పొయ్యిల మీదే. ఒకరి వంట అయ్యేదాకా ఇంకొకరు ఆగుతారు, వంతు వచ్చాక అదే పొయ్యి మీద వండుకుంటారు. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలు అక్కడికి చేరుతాయి.

పోయేటప్పుడు ఖాళీగా ఉన్న ఝరి, పుష్య అమావాస్య రాత్రి మహాపూజలో నాగోబా ముందు మళ్లీ ఖాళీ అవుతుంది.